చిక్కపేట చుట్టును జలములు

పెండ్లి నిశ్చయమైనదనగానే పట్టుచీరల కొరకు బెంగుళూరి చిక్కపేటకు ప్రయాణమగుట అనంతపురము, చిత్తూరు సీమల తెలుగువారికి చిరకాలముగా వచ్చుచున్న ఆనవాయితీ. ఆ ఇరుకు వీథిలో భుజము భుజము ఒరసికొనుచుండగా అంగడి వెంబడి అంగడి తిరిగి, తెలుగులోనే బేరమాడి, మూటలతో వెలువడి వచ్చువారిలో, తాము నిలిచిన చోటినుండి ఏ దిక్కుగా నడచినను అనతిదూరములోనే ఒకప్పుడొక చెరువు కనబడెడిదనియు, ఆ చెరువు గట్టున చాకలియు, బెస్తయు, తోటమాలియు, కొంగయు ఒకే ఉదయమును పంచుకొనెడివారనియు ఎరిగినవారు మిక్కిలి అరుదు. నేటి పట్టణవాసి సెలవుదినము వచ్చినంతనే, చిన్న పడవను తెడ్డుతో తానే నడపుకొనుచు నిర్మలజలముపై పక్షులను, జంతువులను చూచు వేడుకకై నూరు కిలోమీటర్లు పోవుచున్నాడు. ఆ వేడుకకు చాలిన జలసంపద పేట గోడలను ఆనుకొనియే యుండిన కాలమొకటి కలదు. అది ఎట్లు ఏర్పడెనో, ఎవరు దానిని కాపాడిరో, ఏ కారణమున అది తొలగిపోయెనో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మొట్టమొదట చెప్పవలసిన మాట, బెంగుళూరునకు నది లేదు. సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల యెత్తున, రెండు వైపులకును వాలియున్న ఒక గట్టు వీపున ఆ పట్టణము కూర్చుండియున్నది. పడమటి వాలున పడిన వాన వృషభావతి మార్గమున అర్కావతిని చేరి, తుదకు కావేరిలో కలియును. తూర్పు వాలున పడినది దక్షిణ పినాకినిని చేరి తమిళదేశము మీదుగా సాగరమునకు పోవును. పట్టణమునకు ఉత్తరమున నున్న నందిపర్వత ప్రాంతమే అర్కావతికిని, దక్షిణ పినాకినికిని పుట్టినిల్లు. రాయలసీమను దాటి నెల్లూరు సీమలో సముద్రమును చేరు మన పెన్నకును, దాని ఉపనదియగు చిత్రావతికిని కూడ అదియే పుట్టినిల్లు. ఇన్ని నదులకు జన్మమిచ్చిన భూమి తనకొక్క నదినైనను ఉంచుకొనలేదు. ఎత్తున నున్నవారి నీరు పల్లమునకు పోవుట సహజము గనుక, పోవు నీటిని నిలుపుకొను విద్య నేర్చినవారే ఆ గట్టుపై ఊరు కట్టగలిగిరి.

ఆ నేల స్వభావము ఈ విద్యకు అనుకూలముగా నుండినది. పైన ఎఱ్ఱమన్ను, దాని క్రింద నానాటికి శిథిలమై మెత్తబడిన రాయి, ఆ క్రింద కఠినశిల. వాననీరు పై పొరలలో ఇంకి, కఠినశిలను తాకి, అచ్చట నిలువలేక ప్రక్కకు మెల్లగా ప్రాకి, లోయల మొదటను, బండల సందులందును ఊటయై బయటపడును. మెరకయందు ఒక చెరువు కట్టినచో దాని క్రింది బావులన్నియు నిండును; పల్లమున ఊటలు పుట్టును; ఆ ఊటల నీరు మరల దిగువ చెరువును చేరును. మన సీమలో పెన్న ఇసుకలో చెలమలు తీసి, ఊటకాలువలు త్రవ్వి పైర్లు పండించిన రైతులకును, పావగడ, మధుగిరి ప్రాంతములలో తలపరిగెలనబడు ఊటగుంటలను కాపాడుకొని వచ్చిన గ్రామములకును ఈ సూక్ష్మము తెలియనిది కాదు. చెరువును వాననీటి పాత్రగా మాత్రమే చూచుట నేటి చూపు. దానిని ఊటల తల్లిగా చూచుట ఆనాటి చూపు.

ఎలహంక నాడునకు ప్రభువై, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలకు సామంతుడై యుండిన మొదటి కెంపేగౌడ 1537వ సంవత్సరమున బెంగుళూరు పేటకు శంకుస్థాపన చేసెనని ప్రతీతి. నాలుగు జతల తెల్లని ఎద్దులకు నాగళ్ళు కట్టించి, నడుమనుండి నాలుగు దిక్కులకు దున్నించగా ఏర్పడిన చాళ్ళే పేటకు మూలవీథులైనవని కథ చెప్పుదురు. అందు ఉత్తర దక్షిణముగా సాగినది దొడ్డపేట. దానినే ఇప్పుడు అవెన్యూ రోడ్డు అనుచున్నారు. తూర్పు పడమరలుగా, హలసూరు వైపునుండి సొండెకొప్ప వైపునకు సాగినది చిక్కపేట. ఈ రెండు వీథులు కలిసికొను కూడలి చుట్టును అక్కిపేట, బళేపేట, కుంబారపేట, నగర్తపేట, తిగళరపేట మొదలైనవి వృత్తికొకటిగా వెలసినవి. మట్టికోటయు, దాని చుట్టును ముండ్లపొదల కందకమును ఊరికి రక్షణములైనవి.

కోట కట్టిన చేతులే చెరువులను కట్టినవి. చిక్కపేట కూడలిని కేంద్రముగా నుంచుకొని చూచినచో వాయవ్యమున ధర్మాంబుధి, నైరుతిని కెంపాంబుధి, దక్షిణమున సిద్ధికట్టె, తూర్పున సంపంగి చెరువు, దానికిని దూరముగా హలసూరు చెరువు, బసవనగుడి దాపున కారంజి చెరువు నుండెడివి. వీనిలో కొన్నింటిని మొదటి కెంపేగౌడకును, హలసూరు చెరువును ఇమ్మడి కెంపేగౌడకును సంప్రదాయము ఆరోపించుచున్నది. ఇమ్మడి కెంపేగౌడ నిలిపెనని చెప్పబడు నాలుగు గోపురములలో ఒకటి కెంపాంబుధి గట్టునను, ఒకటి హలసూరు చెరువు దాపునను ఉండుట గమనింపదగినది. నగరపు ఎల్లలను సూచించుటకు నిలిపిన స్తంభములలో సగము నీటి ఒడ్డున నిలిచినవనగా, ఆ పాలకుల దృష్టిలో పట్టణము ఎంతదూరము పోవునో నీరు నిర్ణయించెననుట అతిశయోక్తి కాదు.

కన్నడసీమను పాలించిన మొదటి కెంపేగౌడ పేర ‘గంగాగౌరీ విలాసము’ అను తెలుగు యక్షగానము వెలసియుండుట మన పాఠకులకు ఆనందము కలిగించు విశేషము. విజయనగర సామ్రాజ్యములో రాజాస్థానపు సాహిత్యభాషగా తెలుగునకు గల గౌరవమును ఇది తెలుపుచున్నది. చెరువులు కట్టించిన ప్రభువు పేర నిలిచిన కృతికి గంగాదేవియే నాయికలలో నొకతె యగుట యాదృచ్ఛికమే యైనను సముచితముగా నున్నది. చిక్కపేట ప్రాంతమున తెలుగు మాట నేటికిని మూగవోకుండుటకు సాహిత్యముకంటె వర్తకమును, మగ్గమును ఎక్కువ కారణములు. బలిజ వర్తకులు, దేవాంగ నేతగాండ్రు, కోమట్లు తరతరాలుగా అచ్చట స్థిరపడిరి. 1800వ సంవత్సరమున మైసూరు దేశమంతయు సంచరించిన ఫ్రాన్సిస్ బుకానన్ తన యాత్రాగ్రంథమున బెంగుళూరు వర్తకమును, నేతవృత్తుల వారిని గూర్చి విపులముగా వ్రాసియున్నాడు.

చెరువు కట్టుట విజయనగర కాలమున శాస్త్రముగా పరిణమించినది. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు గట్టున బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు 1369లో వేయించిన శిలాశాసనము, మంచి తటాకమునకు కావలసిన పండ్రెండు అంగములను, తటాకమును చెరచు ఆరు దోషములను వివరించి, ఆ చెరువునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని లెక్క చెప్పుచున్నది. చెరువు కట్టించినవానికిని, మరమ్మతు చేయించువానికిని దాని క్రింది సాగుభూమిలో కొంత భాగమును అనుభవించు హక్కు నిచ్చు దశబంధమను ఏర్పాటు అప్పటి దేశమంతట నుండెను. నీటిని ధర్మమునకే వదలిపెట్టక, దానిని చూచుకొనువానికి జీవనము కల్పించిన ఈ ఏర్పాటులోనే ఆనాటి చెరువుల దీర్ఘాయువు రహస్యమున్నది.

గట్టు పోసినవారు ఎవరు? దక్షిణదేశమున చెరువులు త్రవ్వుట, కట్టలు వేయుట, రాళ్ళు పేర్చుట వృత్తిగా గల ఒడ్డెలు మూలమున ఓఢ్రదేశమునుండి వచ్చినవారని చెప్పబడినను, తరతరాలుగా తెలుగు మాటలాడువారు. కన్నడసీమలో వీరిలో మన్ను పనివారిని, రాతి పనివారిని వేరువేరుగా పిలుచుట కలదు. గాడిదలపై మన్ను మోయించుచు, భార్యాబిడ్డలతో పని జరుగు చోటనే గుడిసెలు వేసికొని, చెరువు ముగియగానే మరియొక ఊరికి తరలిపోవు ఈ సంచారజనుల పేర్లు ఏ శాసనమునను కానరావు. వారి తరువాత చెరువునకు కావలియుండువాడు నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తవలెను, ఏ మడికి ఎంత నీరు పారవలెను, కట్టలో ఎలుక బొరియ ఎచ్చట పడినది అనునవి చూచుట అతని పని. పంట కళ్ళములోనుండి అతనికి ముట్టు ధాన్యము అతని జీతము.

ఆ చెరువులపై బ్రతుకు ఆధారపడినవారు నీరుగంటి యొక్కడే కాడు. కుంబారపేట కుమ్మరికి చెరువుమన్ను కావలెను. సంపంగి చెరువు క్రింద తోటసాగు వృత్తిగా గల తిగళలు కూరగాయలును, పూలును పండించిరి. బెస్తలు చేపలు పట్టిరి. చాకళ్ళు బండలపై బట్టలుతికిరి. రైతులు వేసవిలో ఒండ్రు తీసి పొలములకు తోలుకొనిరి. ఒండ్రు తీయుటచే చెరువు లోతు నిలిచినది, పొలము బలిసినది. బావుల నుండి ఏతములును, కపిలెలును నీరు తోడి తోటలకు పారించినవి. ఇందరి ప్రయోజనములు ఒక్క నీటియందు పెనవేసికొని యుండుటచే, ఆ నీటికి హాని కలిగిన దినమున ఊరిలో ఏ వీథివాడో ఒకడు తప్పక కేక వేసెడివాడు.

ఊటల చరిత్ర ఇంకొక మార్గమున సాగినది; దాని భారమును దైవభక్తి వహించినది. బసవనగుడిలో ఏకశిలలో మలచిన పెద్దనంది పాదములకడ వృషభావతి జన్మించినదని జనుల విశ్వాసము. మల్లేశ్వరమున కాడుమల్లేశ్వరుని గుడికి ఎదుట, చిరకాలము మన్నులో కప్పబడిపోయి 1990ల చివర మరల వెలికివచ్చిన నందితీర్థమున, దక్షిణాభిముఖుడైన నంది నోటినుండి ఊటనీరు క్రిందనున్న లింగముపై పడి, అచ్చటినుండి కోనేటిలోనికి పారుచున్నది. దీనిని చూచిన తెలుగువానికి నంద్యాల దాపున నల్లమల పాదమున వెలసిన మహానంది జ్ఞప్తికి రాక మానదు. అచ్చటి కోనేటిలో అడుగున పడిన నాణెము పైకి స్పష్టముగా కనబడునంత నిర్మలమైన ఊటనీరు ఏడాది పొడుగున ఉబికి, గుడిని దాటి వరిచేలకును, అరటితోటలకును పారుచున్నది. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గరామలింగేశ్వరుని పాదపీఠమున నిరంతరము నీరూరుచుండుట అందరెరిగినదే. ఊట గలచోట నందినో లింగమునో నిలుపుట ఈ దక్కను పీఠభూమియందంతట కనబడు ఆచారము. గుడి కట్టినచోట మలినము వేయుటకు మనుజుడు జంకును; ఊటను కాపాడుటకు ఆ కాలమున అంతకు మించిన చట్టము అక్కరలేకపోయినది.

ఇక పడవల మాట. నది లేని పట్టణమునకు ఓడ అవసరము లేదు. కాని చేపలు పట్టుటకును, కట్టకు మరమ్మతు చేయుటకును, ఉత్సవములందు దేవుని ఊరేగించుటకును నీటిపై తేలు సాధన మేదో యొకటి కావలెను. దుంగలు కట్టిన తెప్పయు, వెదురు అల్లికకు తోలు కప్పిన హరిగోలును ఆ అవసరమును తీర్చినవి. హరిగోలునే మన కృష్ణాతీరమున పుట్టి యందురు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది కడ జనులు తుంగభద్రను దాటు గుండ్రని పడవలను ఆశ్చర్యముతో వర్ణించినాడు. లోపల వెదురు, వెలుపల తోలు గల ఆ పడవలు పదునైదు ఇరువదిమందిని మోయుననియు, అవసరమైనచో గుఱ్ఱములను, ఎద్దులను కూడ దాటించుననియు, తెడ్డు వేయుచున్నంతసేపు అవి గిఱ్ఱున తిరుగుచునే పోవుననియు వ్రాసెను. నేడు తోలునకు బదులు తారు పూసిన గోనెయు, ప్లాస్టిక్ పట్టయు వచ్చినవే గాని, బెంగుళూరు చెరువులలో చేపలు పట్టువారి హరిగోలు రూపము పాయెస్ చూచిన దానికి భిన్నము కాదు.

ప్రపంచపు మరియొక కొసయందు, చెట్టు మొలవని మంచుసీమలలో, ఇనూయిట్ జనులు కొట్టుకొనివచ్చిన కొయ్యతోను, ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు జంతువు తోలు బిగించి కయాక్ అను సన్నని పడవను నిర్మించుకొనిరి. వేటాడువాడు నడుమ కూర్చుండి, రెండు కొసలును పలకలైన తెడ్డుతో శబ్దము లేకుండ మృగమును సమీపించుటకు అది సాధనము. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అను స్కాట్లండు వంశజుడు ఈ నమూనాను అనుసరించి చేయించుకొన్న పడవలో ఐరోపా నదులపై ఏకాకిగా యాత్ర చేసి, దానిని గూర్చి వ్రాసిన గ్రంథము మూలమున వేటసాధనము వినోదసాధనమాయెను. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో దానికి స్థానము లభించినది. గుండ్రనిదైన హరిగోలునకును, కోసుగానున్న కయాకునకును రూపమున సామ్యము లేకున్నను, తేలికైన చట్రమునకు తోలు తొడుగుటయను సూత్రమొక్కటే. రెండింటియందును కూర్చున్నవాడు నీటిమట్టమునకు జానెడు ఎత్తుననే యుండును, యంత్రఘోష లేదు, పక్షి వానిని నీటిలోని మరియొక ప్రాణిగా భావించి ఎగిరిపోక నిలుచును. నీటిపై జీవజాలమును చూచుటకు ఇంతకంటె తగిన వాహనము నేటివరకు పుట్టలేదు.

పక్షుల మాటకు వచ్చినచో, మెట్టభూముల చెరువులకు ఋతువును బట్టి ఒక్కొక్క సభ కూడుచుండును. వానలకు నిండిన చెరువులో లోతు హెచ్చు గనుక మునిగి చేపపట్టు నీటికాకులకును, బుడబుంగలకును, గూడబాతులకును అది అదను. శీతకాలమున నీరు కొంత తీయగానే ఉత్తరదేశములనుండి బాతులు వచ్చి నడుమ భాగమున తేలియాడును. నామాలకోళ్ళు గుంపులు గట్టును. వేసవి సమీపించి అంచులు బురదయగుసరికి ఉల్లంకులును, కొంగలును, నారాయణపక్షులును దిగును. లకుముకిపిట్ట మాత్రము పండ్రెండు నెలలును తూముగుంజపై కాచుకొనియుండును. ఒక గొలుసులోని చెరువులు ఒకేసారి నిండవు, ఒకేసారి ఎండవు. పైదానిలో నీరు తగ్గునప్పటికి క్రిందిది నిండియుండును. కావున పక్షికి ఎల్లవేళల ఏదో యొక చెరువు అనువుగా నుండెడిది. ఈ ఏర్పాటును పక్షులకొరకు ఎవరును చేయలేదు. సాగునీటి కొరకు కట్టిన గొలుసుకట్టు చెరువులు పక్షులకు తమంతట సమకూర్చిన సౌకర్యమిది.

ఇక పట్టణచరిత్రకు మరలుదము. 1791 మార్చి నెలలో ఆంగ్లసేనాధిపతి కారన్‌వాలిస్ సేనలు మొదట పేటను, తరువాత కోటను పట్టుకొనినవి. ఆ పోరున పేట ఎంత చెడినను, చెరువులు చెడలేదు. బుకానన్ వచ్చునాటికి వర్తకము మరల కుదుటబడుచుండెను. శ్రీరంగపట్టణపు మలేరియాకు తాళలేక ఆంగ్లసేన 1809లో హలసూరు చెరువు పరిసరములకు తరలివచ్చి దండు నెలకొల్పినది. అటుపిమ్మట పేటకొక విధి, దండునకొక విధి పట్టినది. దండువారికి హలసూరు చెరువు త్రాగునీరును, విహారస్థానమును కూడ ఆయెను. మద్రాసు సాపర్లు అను సైనిక నిర్మాణకారుల స్థావరము దాని ఒడ్డుననే వెలసినది. పడవను పనికొరకు గాక ఉల్లాసము కొరకు నడపుట బెంగుళూరున ఆ వైపుననే బలపడెను. 1876 మొదలు 1878 వరకు దేశమును పీడించిన మహాక్షామము పిదప, మద్రాసు సాపర్లకు చెందిన కర్నల్ సాంకీ మల్లేశ్వరము దాపున 1882లో కట్టించిన చెరువు అతని పేరనే నేటికిని నిలిచియున్నది.

ఇంతవరకు చెరువులపై ఆధారపడిన పట్టణము 1890ల నడుమ ఒక క్రొత్త మార్గమును త్రొక్కినది. అర్కావతిపై హెసరఘట్ట కడ నీరు నిలిపి, సోలదేవనహళ్ళి యంత్రములతో ఎత్తి, గొట్టముల ద్వారా ఊరికి తెచ్చిరి. వడబోసిన నీరు వీథికొళాయిలో పడుట ప్రజలకు వరమే. 1898లో ప్లేగు మహమ్మారి పేటలోని ఇరుకు ఇండ్లను ఊపివేసిన పిమ్మట బసవనగుడి, మల్లేశ్వరము వంటి విశాలమైన క్రొత్త పేటలకు జనులు తరలిరి. వానికిని గొట్టపు నీరే ఆధారము. హెసరఘట్ట చాలకపోగా 1933లో తిప్పగొండనహళ్ళి కడ చామరాజసాగరమును, అదియు చాలకపోగా 1974 నుండి కావేరిని పట్టణమునకు తెచ్చిరి. కావేరి నీరు దాదాపు నూరు కిలోమీటర్ల దూరమునుండి, అయిదువందల మీటర్ల ఎత్తునకు యంత్రములచే ఎక్కింపబడి వచ్చుచున్నది.

గొట్టము వచ్చిన దినముననే పేట చెరువులకు మరణశాసనము వ్రాయబడినది. దీనికి పాలకుల దుర్బుద్ధిని కారణముగా చెప్పుట సులభమే గాని న్యాయము కాదు. ధర్మాంబుధి నీరు త్రాగువాడు లేడు. ఒండ్రు తీయువాడు లేడు. నీరుగంటికి ధాన్యము కొలుచువాడు లేడు. నీరు వచ్చు కాలువలకు అడ్డముగా రోడ్లును, రైలుదారియు, ఇండ్లును లేచినవి. పని పోయిన చెరువు ఎండినది; ఎండిన చెరువు మైదానముగా కనబడినది; మైదానము పట్టణమునకు అక్కరకు వచ్చినది. ధర్మాంబుధి గర్భమున నేడు కెంపేగౌడ బస్సు నిలయమున్నది. ప్రక్కనే సాగు ‘ట్యాంక్ బండ్ రోడ్డు’ పేరు మాత్రమే అచ్చట కట్ట యుండెనని సాక్ష్యము చెప్పుచున్నది. సిద్ధికట్టె స్థలమున కృష్ణరాజేంద్ర మార్కెట్టు లేచినది. సంపంగి చెరువు శ్రీ కంఠీరవ క్రీడాంగణమైనది. మరికొన్ని చెరువులు హాకీ, ఫుట్‌బాలు మైదానములైనవి.

నీటికి పని యున్నంతవరకే చెరువు నిలుచునను మాటకు తిరుగులేని దృష్టాంతము సంపంగి చెరువునందే కలదు. తిగళరపేటలోని ధర్మరాయస్వామి గుడిలో ప్రతివత్సరము చైత్రమాసమున ద్రౌపదీదేవి పేర జరుగు కరగ ఉత్సవమునకు సంపంగి చెరువునీరు విధాయకము. చెరువునంతయు పూడ్చినవారు సయితము ఆ పూజావిధికి చాలునంత చిన్న కుంటను వదలవలసి వచ్చినది. క్రీడాంగణపు గోడ ప్రక్కన అది నేటికిని ఉన్నది. తిగళల తోటలు పోయినవి, వారి సాగు పోయినది, కాని వారి కరగ పోలేదు. ఏ మేరకు నీటికి పని మిగిలెనో, ఆ మేరకే నీరు మిగిలెను. అట్లే సైనికుల సాధనయు, జనుల విహారమును ఉండబట్టి హలసూరు, నడకదారి వారి అభిమానము ఉండబట్టి సాంకీ చెరువు నిలిచినవి. బసవనగుడి కడలెకాయి పరిషెకు, అనగా కార్తికమాసపు చివరి సోమవారమున జరుగు వేరుసెనగకాయల తిరునాళ్ళకు, సంబంధించిన తెప్పోత్సవమును ఇటీవలి కాలమున కెంపాంబుధిలో పునరుద్ధరించిన పిమ్మట, ఆ చెరువు శుభ్రతను గూర్చి ఏడాదికొక పర్యాయమైనను అడుగువారు ఏర్పడిరి.

నిలిచిన చెరువులన్నియు సుఖముగా నున్నవని భావింపరాదు. గొట్టముల ద్వారా వచ్చిన నీరు ఎచ్చటికైనను పోవలెను గదా. అది మురుగై పాత కాలువలను పట్టి చెరువులలోనే చేరుచున్నది. నంది పాదముల పుట్టిన వృషభావతి పట్టణపు మురుగును మోయుచు అర్కావతికి పోవుచున్నది. 2016 మార్చిలో హలసూరు చెరువున చేపలు వేలకొలది చచ్చి తేలినవి. ఆగ్నేయమున బెళ్ళందూరు చెరువు నురుగు కక్కుటయే గాక 2015లోను, 2018లోను మంటలకు కూడ ఎర యైనది. నీరు మండుట పురాణములలో విన్నవారికి అది పత్రికలలో చదువవలసి వచ్చెను.

అందుచే నేటి బెంగుళూరువాసి పడవను, పక్షిని వెదకుకొనుచు దూరము పోవుచున్నాడు. శ్రీరంగపట్టణపు చెంత కావేరి ద్వీపములైన రంగనతిట్టును పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ప్రేరణచే మైసూరు మహారాజు 1940లో రక్షితస్థానముగా ప్రకటించెను. 2022లో అది అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ పట్టికకెక్కినది. అచ్చట పడవలో కూర్చుండి, బండలపై ఎండ కాచుకొను మొసళ్ళను, చెట్లపై గూళ్ళు కట్టిన కొంగలను చేరువనుండి చూడవచ్చును. భీమేశ్వరి కడ కావేరి అరణ్యమున హరిగోలును, కయాకును రెండును లభించును. గమనింపుడు: ఏ కావేరి నూరు కిలోమీటర్లు పైకెక్కి వాని కొళాయికి వచ్చుచున్నదో, ఆ కావేరిని చూచుటకే వాడు నూరు కిలోమీటర్లు దిగి పోవుచున్నాడు. ఇక ఉత్తరముగా మన హిందూపురము వైపునకు వచ్చినచో, చిలమత్తూరు మండలములోని వీరాపురమున ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఏటేట చింతచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకొనుచున్నవి. గ్రామస్థులు వానిని ఊరికి శుభమని నమ్మి ఆదరింతురు. కాని వాని తిండి సమీపపు చెరువుల చేపలయందున్నది గనుక, చెరువులెండిన యేట ఆదరము ఒక్కటే ఆ పక్షులకు చాలుట లేదు.

పని పోయిన నీటికి మరల పని దొరకుటకు దూరదేశపు దృష్టాంతమొకటి కలదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున సిల్వర్ స్ప్రింగ్స్ అను ఊటల కడ 1870ల నుండియే అద్దపు అడుగుగల పడవలలో జనులను త్రిప్పుచున్నారు. క్రిస్టల్ నది ఊటలలో నీరు ఏడాది పొడుగున ఇంచుమించు 22 డిగ్రీల వెచ్చదనముననే యుండుటచే, శీతకాలమున సముద్రపు చలికి తాళలేని మానటీ యను జలచరములు అచ్చటికి చేరును; వానిని చూచుటకు కయాకులపై యాత్రికులు వత్తురు. అచ్చట ఊటకు క్రొత్త పని దొరకినది. అది యాత్రికుని సొమ్ము. ఆ పని వలన ఊటపై కన్ను వేసి యుంచు జనులు ఏర్పడిరి. దాని గుణదోషములెట్లున్నను, ఉపయోగము పోయిన చోట మరియొక ఉపయోగమును కల్పించుట జలరక్షణకు మార్గమని అది చూపుచున్నది.

కావున చిక్కపేట చరిత్రనుండి మన తెలుగు పట్టణములు గ్రహింపవలసిన పాఠము స్పష్టము. అనంతపురమునకును, కడపకును, వరంగల్లునకును, హైదరాబాదునకును పెద్దలు విడిచిన చెరువులు నేటికిని ఉన్నవి. ఓరుగంటి కాకతీయుల పేర 2015లో తెలంగాణమున చెరువుల పూడికతీత ఒక ఉద్యమముగా సాగినది. పూడిక తీయుట సగము పని మాత్రమే. తీసిన పిదప ఆ నీటిని ఎవరు వాడుదురు, ఎవరికి దానిపై జీవనమున్నది, కట్టలో బొరియ పడినచో మొదట చూచువాడెవడు అను ప్రశ్నలకు సమాధానము లేనిచో ఆ చెరువు ఇరువది యేండ్లలో బస్సు నిలయమగును. చేపలు పట్టువానికి హక్కు నీయుడు. పిల్లలకు తెడ్డు వేయుట నేర్పుడు. శీతకాలమున పక్షులను లెక్కించు పనిని పాఠశాలల కప్పగింపుడు. గుడి తెప్పోత్సవమును మానకుడు. మురుగును శుద్ధిచేయక కాలువలో వదలుటను పురపాలకులు నిర్దాక్షిణ్యముగా ఆపవలెను. రక్షణ చట్టములు అవసరమే, కాని చట్టము వ్రాయబడుటకు మూడువందల యేండ్లకు ముందునుండియు ధర్మాంబుధిని నిలిపినది దానిని నమ్ముకొని బ్రతికిన జనుల అవసరము. ఆ అవసరము తీరిన తరువాత దానిని నిలుపగలిగిన చట్టము బెంగుళూరున ఒక్కటియు లేకపోయెను.